నిర్జనమన్న మాట: సుందరవన యాత్రారచనల పరిశీలన

యాత్రారచనను పరిశీలించే విమర్శకులు సాధారణంగా రెండు ప్రశ్నలతో తృప్తి పడుతుంటారు. యాత్రికుడు ఏమి చూచినాడు, చూచినదానిని ఎంత హృద్యంగా చెప్పినాడు అన్నవి ఆ ప్రశ్నలు. వీటికన్న ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. అతడు ఎవరి కాలమానాన్ని బట్టి నడిచినాడు? తన సెలవుదినాల లెక్కను బట్టియా, తాను చేరిన చోట నివసించేవారి పగలు రాత్రులను బట్టియా? ఒక యాత్రారచన నిదానమైనదా, తొందరపాటుదా అన్నది తేలేది ఈ మూడవ ప్రశ్నకు దొరికే సమాధానంలోనే.

ఈ ప్రశ్న వేయవలసిన అవసరం నేడు అధికమైనది. వేగానికి అలసిన నగరవాసులు విద్యుత్తీగ, సెల్‌ఫోను రెండూ వెంటరాని చోటికి పోయి నాలుగు దినాలు నెమ్మదిగా గడపాలని కోరుకొంటున్నారు. కోరిక సహజమైనదే. దానిని తీర్చటానికి ఒక వ్యాపారమూ, దానిని వర్ణించటానికి ఒక రచనారీతీ ఏర్పడినవి. ఉష్ణమండలంలో సముద్రాన్ని ఆనుకొని ఉన్న అరణ్యాలు ఇట్టి యాత్రలకు ప్రధాన లక్ష్యాలైనవి. మన దేశంలో వాటిలో మొదట చెప్పదగినది సుందరవనం. ఈ యాత్రలనుగూర్చిన వ్రాతలలో తరచుగా కనిపించే విశేషణం ‘నిర్జనం’. ఆ ఒక్క మాటను పట్టుకొని సుందరవనాలకు సంబంధించిన కొన్ని రచనలను చదివితే, నిదానానికీ సాహిత్యానికీ ఉన్న సంబంధం చాలవరకు బోధపడుతుంది.

ముందుగా స్థలాన్నిగూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదులు సముద్రంలో కలిసే చోట దాదాపు 10,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన మడ అడవి ఇది. ఇందులో ఇంచుమించు అయిదింట మూడు వంతులు బంగ్లాదేశ్‌లోనూ, మిగిలినది పశ్చిమ బెంగాలులోనూ ఉన్నవి. భారతదేశపు భాగంలో 102 దీవులుండగా వాటిలో 54 దీవులలో జనావాసమున్నది. 1973లో పులుల రక్షితప్రాంతంగా, 1984లో జాతీయ ఉద్యానంగా ప్రకటించబడిన ఈ అరణ్యం 1987లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. కలకత్తా సియాల్దా స్టేషనులో రైలెక్కి కానింగు, అక్కడనుండి రోడ్డుమీద గోద్‌ఖాలి, ఆపైన పడవలో గోసాబా, సజనేఖాలి. ఇదీ యాత్రికుని దారి. గోద్‌ఖాలి రేవు దాటిన తరువాత గడియారానికి విలువ తగ్గుతుంది. దినానికి రెండుమార్లు పోటు వస్తుంది, రెండుమార్లు పాటు తీస్తుంది. నీరు నిండినప్పుడు పడవ పోగల పాయలో నీరు తీసినప్పుడు బురద తప్ప మరేమీ ఉండదు. అడవిలో ఇష్టమైన చోట కాలు మోపటానికి వీలులేదు. కంచెలోపల కట్టిన కావలి మంచెలవద్ద మాత్రమే దిగనిస్తారు. అందువల్ల యాత్రికునికి మిగిలే పని పడవలో కూర్చొని చూడటమే. అంటే ఇక్కడ నిదానం యాత్రికుడు అలవరచుకొన్న గుణం కాదు. నీరు అతనిచేత చేయించే పని. శరీరం నెమ్మదించినంత మాత్రాన చూపు కూడ నెమ్మదిస్తుందని అనుకోవటంలోనే పొరపాటు మొదలవుతుంది.

ఇందుకు ప్రాచీనమైన ఉదాహరణ ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియే రచన. మొగలు రాజ్యంలో చాలకాలమున్న బెర్నియే 1660ల దశకంలో వంగదేశానికి వచ్చి, పిప్లినుండి హుగ్లీకి ఒక చిన్న పడవలో దీవులమధ్య పాయలవెంట ప్రయాణం చేసినాడు. ఆ ప్రయాణానికి తొమ్మిది దినాలు పట్టింది. ఈనాటి పరిభాషలో ఇంతకు మించిన నిదాన యాత్ర ఉండబోదు. చంద్రుని వెలుగులో ఏర్పడే ఇంద్రధనుస్సును ఆ రాత్రులలో చూచి అతడు ఆశ్చర్యపోయినాడు. పులులకు భయపడి పడవను తీరానికి దూరంగా కట్టుకొన్న సంగతీ, గాలి కదలని ఒక రాత్రి పొదలనిండ మిణుగురులు వెలిగిన సంగతీ, తుపాను పట్టిన రాత్రి చెట్టుకొమ్మలను కౌగిలించుకొని ప్రాణాలు దక్కించుకొన్న సంగతీ వ్రాసినాడు. యాత్రారచనలో ప్రత్యక్షత అంటే ఇది. అయితే ఈ పుటలలో అంతకన్న విలువైన వాక్యాలు మరికొన్ని ఉన్నవి. సముద్రాన్ని ఆనుకొని ఉన్న దీవులలో జనం లేకపోవటం చూచి అతడు అది ప్రకృతి సహజమని వదలిపెట్టలేదు. అరకాను ఓడదొంగల దాడులవల్ల ఆ దీవులు పాడుపడినవనీ, అందువల్లనే అక్కడ మృగాలు మాత్రమే మిగిలినవనీ కారణం చెప్పినాడు. ‘ఇక్కడ ఎవరూ లేరు’ అన్న వాక్యం ప్రక్కనే ‘ఎందుకు లేరు’ అన్న ప్రశ్నను నిలిపిన యాత్రికుడతడు.

అట్టి బెర్నియే కూడ ఒకచోట తొందరపడినాడు. తొమ్మిది దినాలూ తనను మోసిన పడవవారు అతని రచనలో భయపడేవారుగానే ఎక్కువగా కనిపిస్తారు. ఆ నీటిదారులు వారికెట్లు తెలిసినవో, చీకటిలో ఏ ఆనవాలునుబట్టి మలుపు తిరిగినారో అతడు అడిగినట్లు లేదు. దీవి ఎందుకు నిర్జనమైనదో అడిగినవానికి తన పడవలోని జనాన్నిగూర్చి అడగాలని తోచలేదు. యాత్రారచన కొలువవలసిన దూరమంతా ఈ రెంటి నడుమనే ఉన్నది.

తెలుగులో ఈ ప్రక్రియకు ఆద్యుడైన ఏనుగుల వీరాస్వామయ్య దీనికి భిన్నమైన మార్గాన్ని చూపినాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషి అయిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చినాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఆ యాత్రా ఫలం. కలకత్తాను చూచిన వీరాస్వామయ్య సుందరవనాలలోకి పోలేదు. అయినను ఆయన పద్ధతి ఇక్కడ స్మరించదగినది. ఒక మజిలీనుగూర్చి వ్రాసేటప్పుడు అక్కడి నీరెట్టిది, ఏమి దొరుకుతుంది, దారి ఎట్లున్నది, ఎవరు నివసిస్తున్నారు అన్న సంగతులను ఆయన వదలడు. ఊరి అందంకన్న ఊరి బ్రతుకు ముందు వస్తుంది. ఆయన వాక్యంలో అలంకారం తక్కువ, జనం ఎక్కువ. వృత్తిరీత్యా ద్విభాషి కావటంవల్ల ఎదుటివాని మాటను పూర్తిగా విన్న తరువాతనే తన మాట చెప్పటం ఆయనకు అలవాటై ఉండవచ్చు.

విచిత్రమేమంటే, సుందరవనాలనుగూర్చి ఈ శతాబ్దంలో వచ్చిన ప్రసిద్ధ నవలలో కూడ ఒక ద్విభాషి ముఖ్యపాత్రగా ఉన్నాడు. అమితవ్ ఘోష్ 2004లో ఇంగ్లీషున ప్రచురించిన ‘ది హంగ్రీ టైడ్’ నవలలో ఢిల్లీలో అనువాద సంస్థ నడిపే కనాయి, నదిలోని డాల్ఫిన్లను పరిశోధించటానికి అమెరికానుండి వచ్చిన పియా ఒకే రైలులో కానింగుకు బయలుదేరుతారు. ఇద్దరూ యాత్రికులే. కనాయికి అన్ని భాషలూ వచ్చును గాని ఓపిక లేదు. పియాకు బెంగాలీ రాదు గాని గంటలతరబడి నీటిని చూస్తూ కూర్చోగలదు. ఫకీర్ అనే జాలరి పడవలో ఆమె ప్రయాణం చేసే ఘట్టం ఈ నవలకు ప్రాణం. డాల్ఫిన్లను లెక్కించటానికి ఆమె పడవను ఒక సరళరేఖలో ముందుకూ వెనుకకూ నడపవలె. పీతలను పట్టటానికి అతడు తాడువేసి అదే రేఖమీద ముందుకూ వెనుకకూ తిరుగవలె. ఒకరి శాస్త్రమూ మరొకరి జీవనోపాధీ ఒకే తాటిమీద నడుస్తున్నవని ఆమెకు క్రమంగా తెలుస్తుంది. యాత్రికుని కాలమానమూ స్థానికుని కాలమానమూ ఇట్లు కలిసిన ఘట్టాలు యాత్రాసాహిత్యంలో అరుదు. సౌందర్యవర్ణన ఏమీ చేయకుండా, ఇద్దరు మనుష్యులు పనిచేస్తున్న తీరునుబట్టియే రచయిత నిదానానికి అర్థం చెప్పగలిగినాడు. నవలను ‘భాటా’, ‘జువార్’ అని, అనగా పాటు, పోటు అని రెండు భాగాలుగా విభజించటం కూడ కేవలం అలంకారం కాదు. పాటుసమయంలో నేల బయటపడినట్లు మొదటి భాగంలో మరుగుపడిన సంగతులు తేలుతవి. రెండవ భాగంలో నీరు ముంచుకొని వస్తుంది.

అట్లు తేలిన సంగతులలో ముఖ్యమైనది మరిచ్‌ఝాఁపి. దేశవిభజన ఫలితంగా తూర్పు బెంగాలును విడిచి, దండకారణ్యంలో, తెలుగుసీమ సరిహద్దునున్న మల్కనగిరి మొదలైన చోట్ల పునరావాసానికి పంపబడిన శరణార్థులలో వేలాదిమంది 1978లో తరలివచ్చి సుందరవనాలలోని ఆ దీవిలో ఊరు కట్టుకొన్నారు. అది రక్షితారణ్యమన్న కారణంతో ప్రభుత్వం 1979 జనవరిలో దీవిని దిగ్బంధించింది. మే నెలలో వారిని వెళ్ళగొట్టింది. ఆ కాలంలో ఎందరు మరణించినారన్నది నేటికీ వివాదంగానే ఉన్నది. కనాయి బంధువైన నిర్మల్ వ్రాసిపెట్టిన నోటుపుస్తకం ద్వారా ఘోష్ ఈ వృత్తాంతాన్ని నవలలోకి తెచ్చినాడు. యాత్రికునికి పడవమీదినుండి పచ్చగా, ప్రశాంతంగా కనిపించే ఒక దీవి కొన్ని దశాబ్దాల క్రింద బడినీ, రోడ్డునూ, బావులనూ ఎరిగిన ఊరు. మూడు శతాబ్దాలకు పూర్వం బెర్నియే వేసిన ప్రశ్ననే ఈ నవల మళ్ళీ వేసింది. నిర్జనత్వానికి ఒక చరిత్ర ఉంటుంది. దానిని అడవి గుణంగా వర్ణించే రచన తెలిసో తెలియకో వెళ్ళగొట్టినవారి పక్షాన నిలుస్తుంది.

ఇంత చెప్పిన తరువాత ఆ నవలలోని లోపాన్ని కూడ చెప్పవలసి ఉన్నది. ఫకీర్ మనసు పాఠకునికి అందదు. అతడు పాడతాడు, పడవ నడుపుతాడు, చివరకు తుపానులో పియాకు తన దేహాన్ని అడ్డుపెట్టి ప్రాణం విడుస్తాడు. కాని అతడు ఏమనుకొన్నాడో ఎక్కువగా పరుల ఊహద్వారానే తెలుస్తుంది. అడవిని ఎరిగినవాడు మౌని, అడవిని చూడవచ్చినవారు వక్తలు అన్న పాత పంపకం ఇక్కడ కూడ పూర్తిగా తొలగలేదు. బెర్నియే పడవవారికి పేర్లు లేవు. ఫకీరుకు పేరున్నది, ప్రేమ ఉన్నది, మరణమున్నది, మాట మాత్రం కొరత. అయితే ఈ కొరతను రచయిత ఎరుగకపోలేదు. ఫకీర్ పాటకు అర్థమేమని పియా అడిగినప్పుడు, సకలభాషావేత్తనని గర్వించే కనాయి అది తనకు శక్తికి మించినదని ఒప్పుకొంటాడు. తరువాత ఆ గాథను ఇంగ్లీషున వ్రాసి ఆమెకు కానుకగా ఇస్తాడు. అనువాదం చేసే ముందు చేయలేనని ఒప్పుకొన్న ఆ క్షణంలోనే కనాయి నిజమైన యాత్రికుడైనాడు. అన్యభాషా రచనలను తెలుగులోకి తెచ్చేవారు ఈ ఘట్టాన్ని మరువరాదు.

ఆ గాథ వనబీబీ కథ. సుందరవనాలవారి దృష్టిని వారి మాటలోనే వినదలచినవారు చదువవలసినది యాత్రికుల వ్రాతలకన్న ముందు దీనిని. పందొమ్మిదవ శతాబ్దంలో అచ్చయిన ‘బన్‌బీబీ జహురనామా’లో ఈ కథ బెంగాలీ భాషలో, పయార్ ఛందస్సులో ఉన్నది. పుస్తకం పుటలు మాత్రం అరబ్బీ గ్రంథాలవలె కుడినుండి ఎడమకు తిరుగుతవి. హిందువులూ ముసల్మానులూ కూడ అడవిలో అడుగుపెట్టే ముందు వనబీబీకి మ్రొక్కుతారు. కథ సంక్షేపంగా ఇది. మక్కానుండి వచ్చిన ఫకీరు సంతానమైన వనబీబీ పదునెనిమిది పోటుల దేశాన్ని పులిరూపుడైన దక్షిణరాయని పీడనుండి విడిపిస్తుంది. కాని అతనిని సంహరించదు. దేశాన్ని రెండుగా పంచి, సగం అడవిని అతనికే విడుస్తుంది. కొంతకాలానికి ధనా అనే వర్తకుడు తేనె, మైనంకోసం ఏడు పడవలతో అడవికి వచ్చి, దుఃఖే అనే పేద విధవ కొడుకును వెంటతెస్తాడు. పడవలనిండ సరుకు కావాలంటే ఆ బాలుని తనకు బలి ఇమ్మని దక్షిణరాయడు అడుగుతాడు. వర్తకుడు బాలుని తీరాన దించి వెళ్ళిపోతాడు. తల్లి చెప్పిన మాట జ్ఞాపకముంచుకొని బాలుడు వనబీబీని పిలిచి రక్షణ పొందుతాడు.

ఈ కథలో అడవి నిర్జనం కాదు, శత్రువూ కాదు. దానికి ఒక హద్దున్నది, ఆ హద్దుకు ఒక ఒడంబడిక ఉన్నది. అవసరమున్నవాడు, ఆశలేనివాడు, వట్టి చేతులతో లోనికి పోవచ్చును. పడవలు నింపుకొనదలచినవాడు ఒక బాలుని ప్రాణం చెల్లించవలె. అరణ్యసంరక్షణనుగూర్చి ఇంతకన్న స్పష్టమైన సూత్రం ఏ శాసనంలోనూ లేదు. ఛందస్సు విషయం కూడ గమనించదగినది. ఘోష్ 2021లో ‘జంగిల్ నామా’ పేర ఈ కథను ఇంగ్లీషు పద్యంలో చెప్పినప్పుడు, గద్యసౌలభ్యాన్ని వదలి, పయార్ నడకకు దగ్గరైన ద్విపదులనే ఎంచుకొన్నాడు. మన భాషలో పాల్కురికి సోమనాథుడు ద్విపదను ఎందుకు చేపట్టినాడో తెలిసినవారికి ఇందులోని ఔచిత్యం వెంటనే స్ఫురిస్తుంది. చదువరానివాడు కూడ విని నోట నిలుపుకొనగలిగిన ఛందస్సులో చెప్పిన కథ పడవలో ప్రయాణం చేస్తుంది. అచ్చుపుస్తకం ఒడ్డునే ఉండిపోతుంది.

ఇక నేటి యాత్రా వ్యాసాలకు వస్తే, వాటిలో సాధారణంగా కనిపించే లోపం నిదానాన్ని ఒక సుఖవస్తువుగా భావించటం. దీపం లేని రాత్రి ఎంత మనోహరమో వ్రాస్తారు. విద్యుత్తీగ చేరకపూర్వం ఆ దీవులలో చిమ్నీ దీపం ముందు చదువుకొన్న పిల్లలకూ, చీకటిలో ప్రసవించిన స్త్రీలకూ ఆ రాత్రి మనోహరం కాదు. పడవ పోటుకోసం ఆగిన మూడు గంటలు ధ్యానసమయమని వ్రాస్తారు. పాముకాటు తిన్నవానిని గోసాబాకో కానింగుకో చేర్చవలసినవానికి అవి మూడు యుగాలు. యాత్రికుడు కోరి తెచ్చుకొన్న నిదానమూ, నివాసి తప్పించుకొనలేని నిదానమూ ఒకే పడవలో కూర్చొని ఉన్నవి. రెండవదానిని చూడని రచనకు మొదటిదానిని వర్ణించే అధికారం పూర్తిగా లేదు. ‘ది హంగ్రీ టైడ్’ నవలలో ఒక చిన్న సంగతి ఉన్నది. మగవారు నీటిమీదికి వేటకు పోయినప్పుడు వారి భార్యలు వారు తిరిగివచ్చేవరకు వైధవ్యవేషం ధరిస్తారు. అడవికి వెళ్ళిన ఒక్కొక్క పడవకు ఒడ్డున ఒక్కొక్క ఇంట ఇట్టి నిరీక్షణ ఉన్నది. ఎదురుచూడటమన్న విషయంపై ఏ నిదానయాత్రికుడూ వీరికి పాఠం చెప్పలేడు.

ఇది వంగదేశానికి మాత్రమే సంబంధించిన చర్చ అని తెలుగు రచయితలు భావించటానికి వీలులేదు. గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడకు సమీపాన, 1978లో అభయారణ్యంగా ప్రకటించబడిన కోరింగ మడ అడవులున్నవి. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. సుందరవనాలతో పోలిస్తే చిన్నది గాని చరిత్రలో చిన్నది కాదు. మాతలా నది ఒడ్డున కలకత్తాకు పోటీగా కట్టిన కానింగు రేవును 1867 తుపాను ఎట్లు పాడుచేసినదో, అంతకు ముందు 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరింగ రేవునూ అట్లే ముంచింది. ఓడలు కట్టిన ఊరది. బర్మాకు పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలని పిలిచినారంటే ఆ ఊరి పేరు ఎంతదూరం ప్రయాణించినదో తెలుస్తుంది. ఇప్పుడు చెక్కబాటమీద నడచి, పడవలో ఒకమారు తిరిగి, ప్రకృతి ప్రశాంతతనుగూర్చి రెండు పుటలు వ్రాసేవారికి ఈ పేరు వినిపించకపోతే, వారు అక్కడ ఎన్ని దినాలున్నా తొందరపడినట్లే.

వారికి కావలసిన పదసంపద భాషలో లేకపోలేదు. పోటు, పాటు, పాయ, మొగ, లంక, పర్ర, మడ మొదలైన మాటలు గోదావరి, కృష్ణా తీరాల జాలరుల నోట నేటికీ ఉన్నవి. వీటిని వదలి ‘నిర్జన నీరవ సముద్రతీరం’ అని వ్రాసేవాడు సంస్కృతపదం వాడినందుకు తప్పుపట్టవలసినవాడు కాడు. ఆ పదాలతో మనుష్యులను తుడిచివేసినందుకు తప్పుపట్టవలసినవాడు. మొగ అన్న మాట తెలిసినవానికి అక్కడ వలవేసేవాడు కనిపించక తప్పదు, ఎందుకంటే ఆ మాట వానిదే.

కనుక ఇట్టి రచనలను తూచటానికి మరొక కొలమానం వెదకనక్కరలేదు. యాత్రికుడు ఎన్ని దినాలు గడిపినాడన్నది అప్రధానం. బెర్నియేకు తొమ్మిది దినాలు చాలలేదు, పియాకు ఒక్క పీతల తాడు చాలింది. ఆ చోట ఎవరూ లేరని వ్రాయబోయే ముందు, పడవ నడిపినవానిని అతడు ఒక్కమాట అడిగినాడా అన్నదే ప్రధానం. పాటు ఎప్పుడు తీస్తుంది, ఈ పాయకు పేరేమి, ఆ ఒడ్డున మునుపు ఎవరుండేవారు అన్నవి అడగదగిన ప్రశ్నలు. వాటికి వచ్చిన జవాబు, చెప్పినవాని మాటలోనే, పుస్తకంలో ఎక్కడనో ఒకచోట ఉండవలె. అది ఉన్న పుస్తకం చిన్నదైనా చదువదగినది. అది లేనిదానిలో చంద్రుని ఇంద్రధనుస్సు ఎంత అందంగా ఉన్నప్పటికీ, దానిని చూపటానికి రాత్రంతా తెడ్డు వేసినవాడు చీకటిలోనే ఉండిపోతాడు.